ఇంటిల్లిపాదీ సైకిళ్లపై ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లగలమా?

మీ నాన్నగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బాబుకి తొమ్మిదేళ్లు. మీ ఆవిడ స్కూలు రోజుల తర్వాత సైకిల్ ముట్టలేదు. మీరు మాత్రం రోజూ తొక్కుతారు. క్రిస్మస్ సెలవుల్లో వచ్చి నలుగురూ కలిసి భీమిలి దాకా వెళ్లొచ్చా అని అడిగారు. నేను విశాఖలో పద్నాలుగేళ్లు ఉన్నాను, ఆ రోడ్డు మీద చాలాసార్లు తొక్కాను. నలుగురూ కలిసి మొత్తం దూరం పెట్టుకోకండి. ఒకే రోడ్డుని మనిషికి తగ్గట్టు ముక్కలు చేసుకోండి.

నాన్నగారికి, మీ ఆవిడకి కోస్టల్ బ్యాటరీ నుంచి ఆర్కే బీచ్ మీదుగా పార్క్ హోటల్ వైపు వెళ్లే ముక్క చాలు. దాదాపు చదునే. తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం అక్కడ వాహనాలు ఆపుతారు కాబట్టి రోడ్డంతా మనదే. మా అన్నయ్యకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద వస్తాడు. తనని ఐదింటికల్లా అక్కడ దింపేవాళ్లం. ఫుట్‌పాత్ ఎక్కడానికి ప్రయత్నించేవాడు కాదు, గట్టు ఎత్తు, పైగా టైల్స్ ఎగుడుదిగుడు. ఖాళీ రోడ్డు మీదే కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాడు. బండికి కాస్త వాలు తగిలినా చేతులు పీకేస్తాయి కదా, ఆ రోడ్డుని అన్నయ్య మెచ్చుకున్నాడంటే మోకాళ్ల నొప్పులవాళ్లు ధైర్యంగా రావచ్చు. జలాంతర్గామి లోపలికి మాత్రం నాన్నగారిని తీసుకెళ్లే ముందు ఆలోచించండి. మెట్లెక్కి, ఇరుకు ద్వారాల్లోంచి వంగి దూరాలి.

పార్క్ హోటల్ దాటి కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. అలవాటు లేనివాళ్లు మొదటిసారి దిగి నడిపించేది అక్కడే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. సాగర్ నగర్, రుషికొండ దాకా ఇలాగే ఎత్తుపల్లాలు. బాబుకి గేర్ల సైకిల్ ఉంటే, మీరు పక్కనే ఉంటే రుషికొండ దాకా వస్తాడు. అక్కడ ఇడ్లీలు పెట్టించి వెనక్కి ఆటోలో పంపేయండి.

ఆపైన మీరొక్కరే వెళ్లండి. నాకు ఇష్టమైన ముక్క అదే: ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం, మంగమారిపేటలో ఎండబెట్టిన చేపల వాసన. తొట్లకొండ బౌద్ధారామం సుమారు 128 మీటర్ల ఎత్తులో ఉంది. కాళ్లలో సత్తువ ఉంటేనే ఎక్కండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సైకిల్ బయటే ఆపి నడవండి. గాలి పోసిన ఇసుక అది, చక్రాలు దిగితే గట్లు విరుగుతాయి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుంటే పాతిక కిలోమీటర్లకు పైగా తొక్కిన అలసట తీరిపోతుంది.

ఇక గాలి సంగతి. ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది కాబట్టి భీమిలి వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. ఒక మే నెలలో నేనూ మా బావమరిదీ గంటన్నరలో భీమిలి చేరి, గొప్ప రైడర్లం అయిపోయాం అనుకున్నాం. టిఫిన్ తిని తొమ్మిదింటికి వెనక్కి తిరిగితే ఎదురుగాలి. పల్లంలో కూడా పెడల్ తొక్కితేగానీ బండి కదలలేదు. రుషికొండ చేరేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది, సైకిళ్లని ఆటోలో పడేసి ఇంటికొచ్చాం. బావమరిది ఆ తర్వాత నాతో రాలేదు.

మీరు వచ్చేది డిసెంబరులో కాబట్టి లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఈశాన్యపు గాలి, వెళ్లేటప్పుడే ఎదురు. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు కష్టం, అలసిపోయాక సాయం. కొత్తవాళ్లకి ఇదే మంచిది. అల్పపీడనం వార్త వింటే మాత్రం ఆ రోజు మానేయండి, డిసెంబరులో కూడా తుపానులు వస్తాయి.

సైకిళ్లు అద్దెకు తీసుకుంటే బ్రేకులు మీరే నొక్కి చూసుకోండి. ఓసారి నాకిచ్చిన దానికి వెనక బ్రేక్ రబ్బరు అరిగి ఇనుము తేలింది, తెన్నేటి పార్కు దిగుడులో చెప్పులు రోడ్డుకి రాసి ఆపాను. సీటు మరీ కిందికి ఉంటే నాన్నగారి మోకాలు ఎక్కువ వంగి నొప్పి పెరుగుతుంది. పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపినట్టు ఉండాలి. సొంత సైకిళ్లు తెచ్చుకుంటే ఇంటికెళ్లగానే చైను మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయండి. ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది.

ఎత్తు అన్నదే వద్దు, అందరూ రోజంతా కలిసే తొక్కాలి అంటే విశాఖ కాదు, కోనసీమ వెళ్లండి. రాజోలు నుంచి సఖినేటిపల్లి వైపు కాలవ గట్ల వెంట కొబ్బరి నీడ, నేల పీటలా ఉంటుంది. రోడ్డు ఇరుకు, బస్సొస్తే దిగి పక్కకి జరగాలి, అంతే. సఖినేటిపల్లి రేవులో సైకిళ్లతోనే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతల నరసాపురం. బాబుకి సముద్రం కంటే ఆ పంటే నచ్చుతుందని నా అనుమానం.