లైసెన్సు లేని తమ్ముడికి కారు తాళం ఇవ్వవచ్చా?

కారు మీ పేరు మీద ఉంది. తమ్ముడికి లైసెన్సు లేదు, అయినా ఆరేళ్లుగా ఒక్క గీత పడకుండా నడుపుతున్నాడు. తప్పనిసరి తనిఖీకి తీసుకెళ్లమంటే ‘అదంతా డబ్బు గుంజే తంతు, బండి బాగానే ఉంది’ అంటున్నాడు. తాళం లాక్కుంటే గొడవవుతుంది, ఏం చేయమంటారని అడిగారు.

తాళం తీసుకోండి. ఇంత నిక్కచ్చిగా చెప్పడానికి కారణం, ఒకప్పుడు ఆ తమ్ముణ్ని నేనే. కారు మా అక్కది.

నేను నాలుగేళ్లు లైసెన్సు లేకుండా నడిపాను. బాగా నడుపుతానని ఇంట్లో పేరు కూడా ఉండేది. ఇరుకు చోట బండిని వెనక్కి తీయాలంటే నన్నే పిలిచేవారు. ఒక సాయంత్రం, వానలో, ముందు వెళ్తున్న వాహనం ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు బలంగా తొక్కాను. కారు ఎడమకు లాగేసి, పక్కన సైకిలు మీద వెళ్తున్న పెద్దమనిషికి తగిలింది. ఆయన కింద పడిపోయాడు.

ఆ క్షణంలో నాకు మొదట తోచింది ‘ఆయనకు ఏమైంది’ అని కాదు, ‘నాకు లైసెన్సు లేదు’ అని. ఆపకుండా ఓ వంద గజాలు ముందుకు పోయాను కూడా. తరువాత ఎందుకో కాళ్లు వణికి బండి ఆపి, వెనక్కి పరుగెత్తాను. ఆయన మణికట్టు విరిగింది, అంతకు మించి ప్రమాదం లేదు. ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఆ వంద గజాల గురించి అక్కకు చెప్పడానికే నాకు రెండేళ్లు పట్టింది. మీ తమ్ముడు నాకంటే మంచివాడే కావచ్చు. కానీ జేబులో లైసెన్సు లేనివాడికి ఆగడం కంటే పారిపోవడమే తేలికగా కనిపిస్తుంది.

ఇక బండి సంగతి. తరువాత మెకానిక్ చక్రాలు విప్పి చూస్తే, కుడివైపు ముందు చక్రం బ్రేకును నొక్కి పట్టించే పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఆ చక్రం దాదాపు పట్టడమే లేదు. ఎడమది మాత్రం గట్టిగా పడుతోంది. అందుకే కారు అటు లాగింది. ఇది ఆ రోజు పుట్టిన లోపం కాదు, నెలల తరబడి మెల్లగా ముదిరినది. వెనక్కి తిరిగి ఆలోచిస్తే, బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగును కొద్దిగా కుడివైపు పట్టి ఉంచడం నాకు అలవాటైపోయింది. అలవాటైందని కూడా నాకు తెలియదు! ‘బండి బాగానే ఉంది’ అని రోజూ నడిపేవాడు చెప్పే మాటకు అందుకే విలువ ఇవ్వను. బండితో పాటు అతడూ కొంచెం కొంచెంగా సర్దుకుపోతాడు.

తనిఖీ కేంద్రంలో చక్రాలను రోలర్ల మీద నిలిపి ఒక్కో చక్రం బ్రేకు ఎంత బలంగా పడుతుందో విడివిడిగా కొలుస్తారు. మా కారు లోపం అక్కడ నిమిషాల్లో బయటపడేది. బ్రేకు బలం తగ్గితే ఏమవుతుందో మీ తమ్ముడికి ఒక లెక్క చెప్పండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, బ్రేకు పడ్డాక మంచి కారు సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. బ్రేకు బలం సగమే ఉన్న కారు అదే 20 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా 42 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. చాలామంది 30 ఉంటుందనుకుంటారు. ఆగే దూరం వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కను (వేగం వర్గాన్ని) బట్టి ఉంటుంది కాబట్టి అలా ఉండదు. ఇక మనిషి తేరుకుని కాలు బ్రేకు మీద పెట్టే ఒక్క సెకనులో పోయే 17 మీటర్లు దీనికి అదనం.

మీ తమ్ముడి మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం మనుషుల తప్పిదాల వల్ల జరిగేవే, బండి లోపాల వాటా చిన్నది. డబ్బిచ్చి తెచ్చుకున్న తనిఖీ పత్రం చిత్తుకాగితంతో సమానం. నిజాయితీగా చేసిన తనిఖీ కూడా ఆ రోజు బండి ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. అయినా దానికి అర్థం లేదనలేం. బ్రిటన్‌లో 1960లో ఈ పరీక్ష మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకే వర్తించేది. ఎన్నో వాహనాలు తప్పడంతో త్వరలోనే ఆ గడువును ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు కుదించారు. వాటి యజమానులకూ తమ బండ్లు బాగానే ఉన్నాయనిపించి ఉంటుంది.

లైసెన్సు వట్టి కాగితం అని అతడు అంటే, ఒకప్పుడు అది నిజంగానే కాగితం. అదే బ్రిటన్‌లో 1903 చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది కానీ పరీక్ష పెట్టలేదు, రుసుము కడితే చేతికిచ్చేవారు. డ్రైవింగ్ పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. ఆ పరీక్షే అసలు సంగతి. ప్రమాదం తరువాత నేను పరీక్షకు వెళ్లి మొదటిసారి తప్పాను. స్టీరింగు, గేర్లు అన్నీ బాగున్నాయన్నారు. వరుస మారేటప్పుడు భుజం మీదుగా తల తిప్పి చూడలేదు, అద్దంలో కనబడని చోటు ఒకటి ఉంటుందన్న స్పృహే నాకు లేదు. కూడలిలో ఎవరు ముందు వెళ్లాలో రెండుసార్లు తప్పుగా అనుకున్నాను. నాలుగేళ్లుగా అవే కూడళ్లలో నేను ధీమాగా దూసుకుపోతుంటే ఎదుటివాళ్లు బ్రేకులు వేసి నన్ను కాపాడారన్నమాట. వాళ్లలో కొందరు హారన్ మోగించినప్పుడు నేను తిట్టుకున్నాను కూడా.

ఇప్పుడు మీ గురించి. చాలా దేశాల్లో లైసెన్సు లేనివాడికి తెలిసి బండి ఇవ్వడం యజమాని చేసిన నేరమే. బీమా కంపెనీ పరిహారం నిరాకరించవచ్చు, లేదా బాధితుడికి చెల్లించి ఆ మొత్తాన్ని మీ దగ్గర రాబట్టవచ్చు. మా అక్క విషయంలో రెండోది జరిగింది. నా తప్పుకు ఆమె మూడేళ్లు వాయిదాలు కట్టింది. మీ బీమా పత్రంలో డ్రైవరు గురించిన షరతు ఈ రాత్రే చదవండి.

గొడవ తగ్గాలంటే ‘నువ్వు సరిగా నడపవు’ అనకండి. అది అతనికి అవమానంగా ఉంటుంది, నాకూ అలాగే అనిపించేది. శిక్షణ, పరీక్ష ఖర్చు మీరు పెట్టుకుంటానని చెప్పండి. లైసెన్సు ఉన్నవాళ్లతో కారును తనిఖీకి పంపించి, అతణ్ని పక్కన నిలబెట్టి బ్రేకు కొలతలు చూడనివ్వండి. అంతలోగా ఇంటి దగ్గరే టైర్లు చూడమనండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల తేదీ సంఖ్య ఉంటుంది. 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చాలాచోట్ల ఆ టైరు చెల్లదు. వాన రోడ్డు మీద అంతకు ముందే పట్టు తప్పుతుంది.

మూడు నెలలు నేను అక్కతో సరిగా మాట్లాడలేదు. రెండోసారి పరీక్ష నెగ్గి లైసెన్సు చూపించిన రోజు తాళం ఇస్తుందనుకున్నాను. ముందు టైర్లు మార్పించుకు రమ్మంది.