‘స్వామే మనల్ని ఆపాడు’ అన్న మాటతో మా ఇల్లు రెండుగా చీలింది

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గోపాలపట్నం. నా వయసు 49. ఏటా చందనోత్సవం నాడు సింహాచలం వెళ్లి, ఏడాదిలో ఆ ఒక్కరోజే చందనం పూత లేకుండా కనిపించే అప్పన్న (నరసింహస్వామి) నిజరూప దర్శనం చేసుకోవడం అత్తగారి కాలం నుంచి మా ఇంటి ఆనవాయితీ. 2025 ఏప్రిల్ 30న అత్తగారికి జ్వరం రావడంతో ప్రయాణం మానుకున్నాము. ఆ తెల్లవారుజామున వర్షంలో క్యూలైను పక్కన గోడ కూలి భక్తులు చనిపోయారు. అప్పటి నుంచి అత్తగారు “స్వామే మనల్ని ఆపాడు” అని వచ్చినవారందరికీ చెబుతున్నారు. అదే ఏడాది నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ ఆలయంలో జరిగిన తొక్కిసలాట వార్తలు చూస్తూ మళ్లీ అదే మాట అన్నారు. 23 ఏళ్ల మా అబ్బాయి “మనల్ని ఆపినవాడు వాళ్లను ఎందుకు ఆపలేదు?” అని గట్టిగా అడిగాడు. “దైవనింద చేసేవాడికి ఈ ఇంట్లో చోటు లేదు” అని మావారు అనడంతో వాడు మధురవాడలో స్నేహితుల గదికి వెళ్లిపోయాడు. తండ్రీకొడుకులకు మాటలు లేవు. వచ్చే వైశాఖంలో చందనోత్సవానికి వస్తానని అత్తగారు మొక్కుకున్నారు. నాకేమో దీపం పెట్టినా మనసు నిలవడం లేదు. ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: అమ్మా, ముందుగా మీ అబ్బాయి అడిగిన ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. అది దైవనింద అని నేను అనుకోవడం లేదు. ప్రహ్లాదుణ్ణి తండ్రి ఎన్ని బాధలు పెట్టినా స్వామి వచ్చి కాపాడాడన్న కథ వింటూ, ఆ కొండ నీడనే పెరిగిన పిల్లవాడు, అదే స్వామిని చూడవచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఉండగానే ప్రాణాలు కోల్పోయారని విన్నప్పుడు అడగకుండా ఎలా ఉంటాడు? నమ్మకం బొత్తిగా లేనివాడికి ఈ వార్త ఒక ప్రమాదంగానే కనిపించి ఉండేది. చిన్నప్పుడు మీరు చెప్పిన కథను నిజంగా మనసులో పెట్టుకున్నాడు గనుకనే అతనికి ఇంత బాధ కలిగింది.

అత్తగారి మాటలోనూ దురుద్దేశం లేదు. పెద్ద గండం తప్పిందని చేతులు జోడించిన మనిషి నోట ఆ మాట రావడం సహజం. అయితే టీవీలో ఇతరుల శవాలు కనిపిస్తుండగా దాన్నే పలికితే, వినేవారికి ‘వాళ్లు స్వామికి అక్కరలేనివాళ్లు’ అన్నట్టుగా చేరుతుంది. కాశీబుగ్గలో చనిపోయిన తొమ్మిది మందిలో ఎక్కువమంది స్త్రీలు. శనివారం, కార్తీక ఏకాదశి అని భక్తితో వెళ్లినవారు. మీ అత్తగారి భక్తికి వారి భక్తి ఏ విధంగానూ తీసిపోదు. కాబట్టి కృతజ్ఞతను పూజగదిలో చెప్పుకోమనీ, నలుగురిలో ఆ విషయం వచ్చినప్పుడు మాత్రం ముందు పోయినవారి గురించి విచారించమనీ ఆమెకు నెమ్మదిగా చెప్పండి. కార్తీక దీపాలు పెట్టే చేతితో వారి పేరిట కూడా ఒక దీపం పెట్టమంటే, ఆమె కాదనరని నా నమ్మకం.

ఇక మీవారు వినవలసిన విషయం ఒకటి ఉంది, దీన్ని నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను. మనుషులు చేయవలసిన పనులను దేవుడి మీద వేయకూడదు, నిందగానూ వేయకూడదు, విధి అన్న పేరుతోనూ వేయకూడదు. సింహాచలంలో కూలినది ఎప్పటిదో పాత గోడ కాదు, కొత్తగా కట్టిన గోడ. దాన్ని కట్టినవారు ఉన్నారు, సరిచూడవలసినవారు ఉన్నారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారంటే, అంతమందిని ఎక్కడ నిలబెట్టాలి, గేటు ఎలా తెరవాలి అన్న నిర్ణయాలు మనుషులే తీసుకున్నారు. కాశీబుగ్గలోనూ ఇరుకైన మెట్ల దారి, తట్టుకోలేని రెయిలింగ్, అంచనాకు మించిన జనం, ఇవన్నీ ముందుగా చూసుకోగలిగినవే. “స్వామి సన్నిధిలో పోయారు, అదృష్టవంతులు” అని కొందరు అంటూ ఉంటారు. ఓదార్చాలనే అంటారు గాని, బిడ్డలను పోగొట్టుకున్న ఇంటిలో ఆ మాట పుండు మీద కారంలా తగులుతుంది, పైగా గోడ గురించి అడగవలసిన ప్రశ్నను అక్కడితో ఆపేస్తుంది. ఆ క్యూలైన్లలో నిలబడేది భక్తులే గనుక, ఆ ప్రశ్నను అందరికంటే ముందు అడగవలసినవారూ భక్తులే. ఇంత దూరం వరకు మీవారికీ అబ్బాయికీ మధ్య నిజానికి భేదమే లేదు. ఆ మిగిలిన ప్రశ్నకు, అంటే స్వామి ఎందుకు ఆపలేదన్నదానికి, మీ ఇంట్లో ఎవరూ ఇప్పటికిప్పుడు జవాబు చెప్పనవసరం లేదు. అది తేలకపోయినా ఒక కప్పు కింద బతకవచ్చు.

మీవారితో ఏకాంతంగా ఉన్నప్పుడు మాట్లాడండి. వాదనలో ఓడిపోయానని ఒప్పుకోమని అడగవద్దు. “ఈ ఇంట్లో చోటు లేదు” అన్న ఒక్క వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకోమనండి. కొడుక్కి ఇంట్లో ఉండే హక్కు గుడికి వెళ్లడం మీద ఆధారపడి ఉండకూడదు. ఆ ఫోను ఆయనే చేయాలి. మీరు ఇద్దరి మధ్య కబుర్లు మోయడం మొదలుపెడితే వారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే అవసరమే తీరిపోతుంది. అబ్బాయికి మీరు చెప్పవలసినది వేరే ఉంది. అతని ప్రశ్న సరైనదే గాని, దాన్ని విసిరింది వయసు మళ్లిన నాన్నమ్మ మీద. ఆమెతో ఒక మంచి మాట మాట్లాడితే అతని ఆలోచన ఏమీ తరిగిపోదు. అతను తిరిగి వచ్చాక గుడికి రమ్మని పిలవండి, రాకపోతే ఊరుకోండి. ఉపవాసాలతోనో కన్నీళ్లతోనో ఒత్తిడి చేయకండి.

మొక్కు విషయంలో మీరు అత్తగారి ఆరోగ్యాన్నే చూడాలి. గంటల తరబడి నిలబడలేని మనిషిని, నిజరూపం ఆ ఒక్కరోజే కదా అని చందనోత్సవం రద్దీలోకి తీసుకువెళ్లవద్దు. అభిషేకం తరువాత స్వామికి మళ్లీ చందనం పూస్తారు. మిగిలిన ఏడాదంతా భక్తులు కొలిచేది ఆ చందన రూపాన్నే. పండుగా సెలవూ కాని ఒక రోజున, పొద్దున్నే తీసుకువెళ్లి, మొక్కు మార్చుకుంటున్నానని ఆమె చేతనే స్వామికి చెప్పించండి.

చివరగా మీ గురించి. దీపం ముందు మనసు నిలవకపోవడం భక్తి పోయిందనడానికి గుర్తు కాదు. భయం, కొడుకు మీద దిగులు రెండూ కలిసి మిమ్మల్ని పట్టుకున్నాయి. నోటికి వచ్చిన స్తోత్రం చదవలేకపోతే, మీ అబ్బాయి అడిగిన ప్రశ్ననే స్వామిని మీరూ అడగండి. దైవం ముందు ఏడ్చి, నిలదీసి, అలిగిన భక్తులు మన సంప్రదాయంలో చాలామందే ఉన్నారు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పదేపదే ఆ దృశ్యాలు కళ్ల ముందుకు రావడం వంటివి రెండు వారాలకు మించి సాగితే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు. అవసరమని వారు చెబితే మానసిక వైద్యుణ్ణి కలవడానికి సంకోచించకండి, వెళ్లేటప్పుడు మీవారిని వెంట రమ్మని అడగండి.