ముందు కాళ్ళు చూడు

హనుమకొండ

చిరంజీవి తమ్ముడికి,

నీ బాక్సింగ్ కథ అందింది. బీడీలు చుట్టే తల్లి అదే నేర్పుతో కొడుకు చేతికి గుడ్డపట్టీ చుట్టే చోట కాసేపు ఆగిపోయాను. బాగుంది.

ఒళ్ళు మండింది ఏడో పేజీ దగ్గర. ‘ఇద్దరూ బెబ్బులుల్లా కలబడ్డారు’ అని రాసి గంట కొట్టించేశావు! మీదపడింది ఎవరు, కాచుకున్నది ఎవరు? పైగా మీవాడిది ఎడమచేతివాటం అన్నావు, ఎడమ కాలే ముందు పెట్టించావు. అలాంటివాడు సాధారణంగా కుడి కాలు, కుడి చెయ్యి ముందుంచి, ఎడమ చేతిని గట్టి దెబ్బ కోసం వెనక దాచుకుంటాడు. సౌత్‌పా అంటారు. కుడివాటం వాడు ఎదురైతే ఇద్దరి ముందు పాదాలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. పాదం బయటివైపు వేయగలిగినవాడిదే పైచెయ్యి. నీ కథంతా ఆ జానెడు చోటులో ఉంది, నువ్వు దాటుకుని వెళ్ళిపోయావు.

నాకిది నేర్పింది ఒక ముసలి శిక్షకుడు. రింగు పక్కన కూర్చోబెట్టి, నా కళ్ళ ముందు తువ్వాలు అడ్డంగా పట్టుకున్నాడు. నడుము కింద తప్ప ఏమీ కనబడదు. “ఎవడు ఎలాంటివాడో చెప్పు” అన్నాడు. వారం పట్టింది. మునివేళ్ళ మీద పక్కకు జరిగేవాడు జాబ్‌తో, అంటే ముందు చేత్తో చటుక్కున తిన్నగా గుద్దే దెబ్బతో, ఎదుటివాణ్ణి దూరంగా ఆపుతాడు. చిన్న చిన్న అడుగులతో ఎదురు వెళ్ళేవాడికి ఇరుకు కావాలి, తల ఊపుతూ చొరబడి పక్కటెముకలు వెతుకుతాడు. మడమలు నేలకు అతుక్కున్నవాడు ఒక్క దెబ్బ కొట్టడానికి మూడు తింటాడు. వెనక కాలి మీద బరువు వేసి ఊరికే నిలబడ్డట్టు కనిపించేవాడు కౌంటర్ పంచర్. ఎదుటివాడి తప్పు కోసం కాచుకుంటాడు. వాడి గురించి రాయడమే అన్నిటికన్నా కష్టం.

వీళ్ళలో ఎవరు గొప్ప అని అడిగావు. 1971లో హెవీవెయిట్ బాక్సర్ జో ఫ్రేజియర్ మీదమీదకు వెళ్ళి, పదిహేనో రౌండులో ఎడమ హుక్‌తో, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బతో, ముహమ్మద్ అలీని పడేశాడు, బౌటూ గెలిచాడు. ఆ ఫ్రేజియర్‌ను 1973లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు నేల కరిపించాడు. ఆ ఫోర్‌మన్‌ను 1974లో కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు, అదీ గంతులు మాని, తాళ్ళకు ఆనుకుని, వాడి చేతులు అలిసేదాకా దెబ్బలు కాచుకుని. ఇప్పుడు నువ్వే చెప్పు, ఎవరు గొప్ప?

నా మొదటి బాక్సింగ్ కథలో రెండు పేజీలు పాదాల గురించే రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు అవన్నీ కొట్టేసి చివర తల్లి కన్నీళ్ళు చేర్చాడు. పారితోషికం వచ్చింది, సైకిలు టైరు కొనుక్కున్నాను, నోరు మూసుకున్నాను. ఇంకా మండుతూనే ఉంది. ఇప్పటి వాళ్ళకు కన్నీళ్ళు వద్దు, ప్రతీకలు కావాలి. రింగు అంటే జీవితమట! రింగు అంటే తాళ్ళు కట్టిన చదరపు వేదిక, దాని మీద చెమటకు కాలు జారుతుంది. అది రాయి.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆ బౌట్లు ఫోనులో పెట్టు. శబ్దం ఆపు. తెర పైసగం కాగితంతో కప్పి చూడు. నాలుగోసారికి ఏదో ఒకటి కనబడుతుంది.

ఏడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. మిగతాది నా దగ్గరే ఉంది.

ఆశీస్సులతో,
అన్న