ఎండో ఉందని తేలగానే వెతకడం ఆపేస్తారు, అదే నా బాధ

మీకు రెండుసార్లు గర్భం పోయింది, ల్యాపరోస్కోపీలో ఎండోమెట్రియోసిస్ (ఎండో, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉందన్నారు, దానివల్లే పోతోందా, మళ్లీ ఆపరేషన్ చేయించుకుంటే ఈసారి నిలుస్తుందా అని అడిగారు. నాకు మూడు పోయాయి. నాకూ ఎండో ఉంది, ఎడమ అండాశయంలో పాతరక్తం నిండిన నాలుగు సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్‌తో సహా. అందుకే మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

సంబంధం ఉంది, లేదనను. స్కాట్లాండ్‌లో 1981 నుంచి 2010 వరకు ఆసుపత్రి రికార్డులు తిరగేసి చూస్తే, ఎండో ఉన్నవాళ్లలో గర్భస్రావం ముప్పు మిగతావాళ్ల కంటే 76 శాతం ఎక్కువగా కనిపించింది. గర్భం ట్యూబులో నిలిచే ప్రమాదమైతే దాదాపు మూడింతలు. ఈ రెండో సంగతి నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఈసారి టెస్ట్ పాజిటివ్ వస్తే ఆరో వారంలోనే స్కాన్ చేయించుకుని గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో చూసుకోండి. ఒక పక్క నొప్పిగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా అప్పటిదాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.

కానీ ముప్పు ఎక్కువ కావడం వేరు, మీ రెండు గర్భాలూ దానివల్లే పోవడం వేరు. ఈ తేడా పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. రెండోసారి డి అండ్ సి (గర్భసంచి శుభ్రం చేయడం) అయ్యాక, బయటికి తీసిన టిష్యూని ఏం చేశారని అడిగాను. పారేశామన్నారు. "మీకు ఎండో ఉంది కదా, ఇంకేం వెతుకుతాం?" అన్నారు డాక్టర్ గారు. నిజమే కాబోలు అనుకుని ఇంటికొచ్చేశాను.

మూడోసారి తొమ్మిదో వారం స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదన్నారు. ఈసారి మాత్రం టిష్యూని క్రోమోజోమ్ టెస్టుకు పంపాల్సిందేనని పట్టుబట్టాను. ఆ రాత్రి నిద్రపట్టక చదువుతుంటే తెలిసింది, కణాలను పెంచి చూసే ఆ టెస్టుకు టిష్యూని సెలైన్‌లో పంపాలట, టిష్యూ కుళ్లకుండా వాడే ఫార్మలిన్‌లో వేస్తే కణాలు చచ్చిపోతాయట. పొద్దున్నే థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉన్నాను. సిస్టర్ చేతిలో తెల్లమూత డబ్బా, అందులో సగం దాకా నీళ్లలాంటిదేదో. ఏంటది అని అడిగాను. "ఫార్మలిన్ అమ్మా, ఎప్పుడూ ఇందులోనే పంపుతాం" అంది. సెలైన్ కట్టిన చేత్తోనే లేచి కూర్చున్నాను. డబ్బా మారిస్తే తప్ప లోపలికి రానన్నాను. మత్తు డాక్టర్ గారు విసుగ్గా గడియారం చూసుకున్నారు. మా ఆయన ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఫోన్ తీసుకెళ్లి సిస్టర్ చెవి దగ్గర పెట్టారు. పావుగంటకి సెలైన్ పోసిన కొత్త డబ్బా వచ్చింది. దాని మీద నా పేరు తప్పు రాశారు. అదీ దిద్దించాకే పడుకున్నాను.

మూడు వారాలకు రిపోర్ట్ వచ్చింది. 16వ క్రోమోజోములు రెండుండాల్సిన చోట మూడున్నాయి. గర్భస్రావాల్లో ఎక్కువగా కనబడే ట్రైసోమీ అదేనట. ఆ పిండం ఎవరి కడుపులో పడినా నిలిచేది కాదు. ఎండో లేకపోయినా నిలిచేది కాదు. నెలల తరబడి నా ఒంటిని నేను తిట్టుకుంది దేనికో ఆ కాగితం చూశాక నాకే అర్థం కాలేదు. మొదటి రెండూ ఎందుకు పోయాయో మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఇంకో మాట. ఆసుపత్రి ఫైలులో "అబార్షన్లు: 3" అని రాస్తారు. నేను కావాలని తీయించుకున్నట్టు ఉంటుంది చదివేవాళ్లకి. గర్భస్రావం అని రాస్తే పోయేదేముంది? పదమూడో ఏట నుంచి నెలనెలా నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే "పిల్లలు పుడితే అదే తగ్గిపోతుంది" అన్నవాళ్లూ డాక్టర్లే. ఎండోకి వైద్యంగా గర్భం తెచ్చుకోమని సలహా ఇవ్వకూడదని యూరప్ నిపుణుల 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

ఆపరేషన్ సంగతి అడిగారు కదా. నొప్పి భరించలేకపోతే చేయించుకోండి. గర్భం నిలుస్తుందన్న ఆశతో మాత్రం వద్దు, దానివల్ల గర్భస్రావాలు ఆగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. సిస్ట్‌ని ఒలిచేటప్పుడు దాంతోపాటు కొన్ని అండాలు కూడా పోతాయి. నాకు ఆపరేషన్ అయ్యాక, అండాల నిల్వ ఎంతుందో చూపే ఏఎంహెచ్ సగానికి పడిపోయింది. ఆపరేషన్ కంటే ముందు గర్భసంచిలో అడ్డుపొర ఉందేమో, గోడలో అడినోమయోసిస్ (లోపలి పొర గోడ కండరంలోకి చొచ్చుకుపోవడం) ఉందేమో చూడమనండి. ఎండోతో పాటు అడినోమయోసిస్ చాలామందికి ఉంటుంది, నా లెక్కలో అసలు అనుమానించాల్సింది దాన్నే. థైరాయిడ్ చూపించుకోండి. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల టెస్టు ఒకసారి చేసి వదిలేయనివ్వకండి, పాజిటివ్ వస్తే 12 వారాలాగి మళ్లీ చేయాలి. అది ఖాయమైతే ఆస్పిరిన్, హెపారిన్‌తో వైద్యం ఉంది. ఎండో పేరు చెప్పి దాన్ని వదిలేస్తే అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు.

మీ రెండోసారి టిష్యూ ఏమైందో మీరు రాయలేదు. బయాప్సీకి పంపి ఉంటే మైనం దిమ్మలో పెట్టిన ముక్క ఇప్పటికీ ల్యాబ్‌లో ఉండొచ్చు. ఫార్మలిన్‌లో వేసినదైనా సరే, డీఎన్ఏ పద్ధతిలో క్రోమోజోములు చూసే వీలు కొన్నిచోట్ల ఉంది. డిశ్చార్జ్ కాగితం మీద మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అది దగ్గర పెట్టుకుని రేపే ఆ ల్యాబ్‌కి ఫోన్ చేయండి.