అమ్మానాన్నలతో కొండ ఎక్కేముందు

నానీ,

జూలైలో అమ్మా నాన్నా అమెరికాకు, నీ దగ్గరికి డెన్వర్ వస్తున్నారని, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఓ మోస్తరు హైక్, అంటే కొండదారి నడక, ఏదైనా చెప్పమని అడిగావు. నువ్వు పంపిన లిస్టులో స్కై పాండ్ ఉంది. ముందు దాన్ని కొట్టెయ్ నాన్నా. రానూ పోనూ తొమ్మిది మైళ్లు, పైగా చివర్లో జలపాతం పక్కన తడి బండల మీద చేతులు ఆనించి ఎక్కాలి. ఫొటోల్లో సరస్సే కనిపిస్తుంది, ఆ బండలు కనిపించవు.

అమ్మ అలిపిరి మెట్లు ఎక్కింది కదా అంటావు. 3,550 మెట్లూ ఎక్కిన మాట నిజమే, నేనూ పక్కనే ఉన్నాను. కానీ తిరుమల ఎత్తు మూడు వేల అడుగుల చిల్లర. ఇక్కడ పార్కులో నడక మొదలయ్యే బేర్ లేక్ దగ్గర బండి దిగేసరికే దాదాపు 9,500 అడుగుల ఎత్తులో ఉంటారు. విజయవాడలో అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది సుమారు డెబ్బై శాతమే. కాళ్లు బాగానే ఉంటాయి, ఊపిరి చాలదు. అందుకే ఎన్ని మైళ్లు అన్నది ఒక్కటే చూడకు. దారి ఏ ఎత్తులో మొదలవుతుంది, అక్కణ్ణుంచి ఇంకా ఎన్ని అడుగులు ఎక్కాలి, అది చూడు. మన పెద్దవాళ్లకైతే మొత్తం ఆరు మైళ్లు, ఎక్కాల్సింది వెయ్యి అడుగులు దాటకూడదని నా లెక్క.

ఒకసారి మా ఆడపడుచును విమానం దిగిన మర్నాడే తీసుకెళ్లాను. బేర్ లేక్ నుంచి నింఫ్ లేక్ అర మైలే. అక్కడికే తలనొప్పి, వాంతులు. తొందరపెట్టింది నేనే, ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు వాళ్లను డెన్వర్‌లో మూడు నాలుగు రోజులు ఉంచు. తర్వాత 7,500 అడుగుల ఎత్తున్న ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో ఒక రాత్రి పడుకోండి. నాన్న బీపీ మందులు వాడుతున్నాడు కాబట్టి ఇంత ఎత్తుకు వెళ్తున్నామని బయల్దేరేముందే తన డాక్టర్‌కు చెప్పమను.

ఇక దారి సంగతి. మధ్యలో వెనక్కి తిరిగినా ఏదో ఒకటి చూశామన్న తృప్తి మిగిలే దారినే ఎంచుకో. బేర్ లేక్ నుంచి వెళ్తే అర మైలుకు తామరాకులతో నింఫ్ లేక్, 1.1 మైళ్లకు డ్రీమ్ లేక్, 1.8 మైళ్లకు ఎమరాల్డ్ లేక్. ఎక్కడ ఆగినా లోటుండదు. నాకు మాత్రం గ్లేసియర్ గార్జ్ అనే ఇంకో చోటి నుంచి మొదలయ్యే దారంటేనే ప్రాణం. మైలు లోపే ఆల్బెర్టా ఫాల్స్. అక్కడ కూర్చోబెట్టి ఇద్దరి మొహాలూ చూడు. బాగుంటే అదే దారిలో ఇంకో రెండు మైళ్లు వెళ్తే మిల్స్ లేక్. ఒడ్డున పరుపుల్లాంటి బల్లపరుపు రాళ్లు, ఎదురుగా 14,259 అడుగుల లాంగ్స్ పీక్. నాన్న అక్కడ గంటసేపు మాట్లాడకుండా కూర్చుంటాడు, చూస్తూ ఉండు.

పొద్దున్నే ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి. వేసవిలో మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, పిడుగులు, ఒక్కోసారి వడగళ్లు. ఎక్కడున్నా సరే, పదకొండు కొట్టగానే వెనక్కి తిరగాలి. గత కొన్నేళ్లుగా వేసవిలో బేర్ లేక్ రోడ్డుకు ముందే టైమ్డ్ ఎంట్రీ పర్మిట్, అంటే ఫలానా వేళకు లోపలికి రానిచ్చే అనుమతి, బుక్ చేసుకోవాల్సి వస్తోంది, అది ఇప్పుడే చూసుకో. గ్లేసియర్ గార్జ్ పార్కింగ్ చాలా చిన్నది. అది నిండిపోతే టెన్షన్ పడకు, బండి ఆపి బస్సెక్కే పార్క్ అండ్ రైడ్ నుంచి పార్కు వాళ్ల షటిల్ బస్సు ఉంటుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటి. మీ అమ్మ నా చెల్లెలు, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అలసిపోయానని చచ్చినా చెప్పదు. "బాగానే ఉన్నావా" అని అడిగితే "ఆ, బాగానే ఉన్నా" అంటుంది. అలా అడగకు. నడుస్తూ ఆ పొద్దున ఏం వండిందో చెప్పమను. వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే అక్కడే కూర్చోబెట్టు. తలనొప్పి, కళ్లు తిరగడం అంటే మాత్రం కూర్చోవడం కాదు, వెంటనే కిందికి దించాలి. అమ్మను ముందు నడవనిచ్చి నువ్వు వెనక నడువు. నువ్వు ముందుంటే నిన్ను అందుకోవాలని పరుగు పెడుతుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక స్వెట్టర్, ఒక రెయిన్ కోటు. నాన్నను చెప్పులతో రానివ్వకు, పట్టున్న బూట్లు కొను. పులిహోర కలుపుకుని వెళ్లండి. ఉడతలు ఒళ్లోకొచ్చి అడుగుతాయి, ఒక్క మెతుకు కూడా పెట్టవద్దు. మన తిండి వాటికి చేటు.

ఏ దారి అనుకున్నావో పర్మిట్ తీసుకునే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ