పదాల పట్టిక బట్టీ పట్టినా ఇంగ్లీషు రాత ఎందుకు కుదరదు?

ఇంగ్లీషు పత్రికల సంపాదకీయాలు బాగానే అర్థమవుతున్నాయని, సమానార్థక పదాల పట్టికలు కంఠస్థం చేసినా సొంతంగా రాసిన పేరాలో మాత్రం మాటలు అతకడం లేదని మీరు అడిగారు. డిగ్రీ విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాలు చాలాకాలంగా దిద్దుతున్నవాడిగా నాకు తోచింది చెబుతాను. పట్టిక మాటకు అర్థం చెబుతుంది గానీ, ఆ మాట వేటి పక్కన పొసుగుతుందో చెప్పదు. రాసేవారికి ముఖ్యంగా కావలసింది ఆ రెండోదే.

ఒక వ్యాసంలో 'ద న్యూ ఫ్లైఓవర్ కాజ్డ్ రిలీఫ్ టు ద కమ్యూటర్స్' అన్న వాక్యం చూశాను. అందులో వ్యాకరణ దోషం లేదు, నిఘంటువు చూసినా తప్పు పట్టలేం. అయితే 'కాజ్' అనే క్రియ వెంట ఎక్కువగా వచ్చేవి డ్యామేజ్, డిలే, ప్రాబ్లమ్స్, పెయిన్ వంటివే కనుక, ఆ మాట చూడగానే ఇంగ్లీషు బాగా చదివిన వ్యక్తి ఏదో కీడు జరిగిందనుకుంటాడు. అక్కడ ఊరట ఎదురయ్యేసరికి వాక్యం తడబడినట్టు తోస్తుంది. 'బ్రాట్ రిలీఫ్' అంటే సరిపోయేది. ఇటువంటి సంగతులు నిలకడగా బయటపడింది బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రవేత్త జాన్ సింక్లెయిర్ బృందం విస్తారమైన పాఠ్యాన్ని కంప్యూటర్లో చేర్చి పరిశీలించడం వల్ల. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఆ కృషి ఫలమే. అది మాట అర్థాన్ని పూర్తి వాక్యంలో పెట్టి వివరిస్తుంది కనుక, అర్థంతోపాటు వాడుక కూడా పట్టుబడుతుంది.

రెండో చిక్కు పెద్ద మాటల మోజు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి దర్బారులోను, న్యాయస్థానాల్లోను ఫ్రెంచి చెల్లుబాటయింది. అందుకే పాత ఇంగ్లీషు మాటలైన 'బిగిన్', 'బై' మామూలు సంభాషణకు నప్పితే, ఫ్రెంచి దారిన వచ్చిన 'కమెన్స్', 'పర్చేజ్' దస్తావేజు వాసన వేస్తాయి. తెలుగువారికి ఇది కొత్త కాదు: ప్రభుత్వ పథకానికి జలయజ్ఞం అని పేరు పెడతాం గానీ, దాహమేస్తే అడిగేది మంచినీళ్లే. జీఆర్ఈ పట్టికల మాటలన్నీ ఒకే పేరాలో గుప్పించే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక సాధన విషయం. చదివేటప్పుడు నచ్చిన మాటను ఒంటరిగా కాక, దాని పక్కనున్న క్రియతోనో విశేషణంతోనో కలిపి రాసుకోండి. 'డిసిషన్' అని కాదు, 'రీచ్ ఎ డిసిషన్' అని. రాసేటప్పుడు ఏ క్రియ వాడాలో తోచకపోతే, ఆక్స్‌ఫర్డ్ కొలోకేషన్స్ డిక్షనరీలో నామవాచకం తెరిచి చూస్తే దానితో కలిసే క్రియలన్నీ వరుసగా కనిపిస్తాయి. సమానార్థక కోశాన్ని పూర్తిగా మానమని నేననను; అందులో దొరికిన మాటను ఇదివరకు ఏదైనా వాక్యంలో మీరు చదివి ఉంటేనే వాడండి, లేకపోతే తెలిసిన చిన్న మాటనే ఉంచండి.