వెనక టైరు తొందరగా అరిగిపోతుంటే

కొండదారుల్లో తొక్కే మోటారు సైకిలు (ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్) వెనక టైరు ఊరికే బోడి అయిపోతోంది, రాళ్లకి పక్కలు కోసుకుపోతున్నాయి, రెండు చక్రాలకీ ఒకే రకం వేసేయాలా అని అడిగారు కదండీ. వద్దు. మోటారు లాగుడంతా వెనక చక్రం మీదే పడుతుంది, పైగా ఈ బండ్లు 20-25 కిలోలుంటాయి.

ముందు చక్రానికి మెత్తటి రబ్బరుది వేయండి, మలుపుల్లో పట్టు అక్కడే కావాలి. వెనక్కి గట్టి రబ్బరు. నన్నడిగితే గుబ్బల డిజైన్ కంటే కేసింగే, అంటే రబ్బరు కింద టైరుకి బలమిచ్చే బట్ట పొరే ముఖ్యం. మాక్సిస్ కంపెనీ టైర్లలో ఎక్సో ప్లస్ గానీ డబుల్‌డౌన్ గానీ, ష్వాల్బే కంపెనీ వాటిలో సూపర్ ట్రెయిల్ గానీ, ఈ కేసింగ్ రకాలు చూడండి. కాస్త బరువు పెరుగుతుంది, కానీ మోటారుంది కదా, మీ కాళ్లకి తెలీదు!

పాత టైరు పక్కన 62-622 లాంటి అంకెలుంటాయి, చదవండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 622 అంటే 29 అంగుళాల చక్రం, 584 అంటే 27.5. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లుంటే 2.4 నుంచి 2.6 అంగుళాల టైరు చక్కగా కూర్చుంటుంది.

ట్యూబ్‌లెస్ అయితే ముందు చక్రంలో 22, వెనక 25 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టండి. రాయి మీద రిమ్ము ‘టంగ్’మంటే ఇంకో రెండు పెంచండి.